మానేశాక వచ్చే ఆయాసం

“తాగినన్నాళ్లూ గుండ్రాయిలా ఉన్నానండీ. మానేసిన పది రోజులకే మెట్లెక్కితే రొప్పు, పడుకుంటే దగ్గు, తెల్లారి లేచేసరికి గొంతునిండా కళ్లె. ఉండబట్టలేక రెండు దమ్ములు లాగితే ప్రాణం లేచొచ్చింది.” ఊపిరితిత్తుల డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల నోట ఇలాంటి మాట తరచుగా వినిపిస్తుంది. చెప్పేవాడు అబద్ధమాడటం లేదు. ఆయాసం నిజం, కళ్లె నిజం, దమ్ము లాగాక కలిగిన హాయి కూడా నిజమే. తప్పల్లా వాటిని కలిపి కట్టిన లెక్కలో ఉంది: మానడమే జబ్బు, తాగడమే మందు అన్న లెక్కలో.

దీనికి కొంత బాధ్యత మన ప్రచారానిదే అంటాను. మానేసిన ఇరవై నిమిషాలకు గుండె వేగం తగ్గుతుందని, ఒకట్రెండు రోజుల్లో రక్తంలోని విషవాయువు పోతుందని, నెలల్లో ఊపిరితిత్తులు కోలుకుంటాయని ఆసుపత్రి గోడల మీద పోస్టర్లుంటాయి. అవన్నీ నిజాలే. కానీ రెండో వారంలో దగ్గు ఎక్కువ కావచ్చు సుమా, కంగారు పడకండి అని చెప్పే పోస్టరు నాకింతవరకూ కనబడలేదు. ఆ ఒక్క ముక్క ముందే తెలియకపోవడం వల్ల మళ్లీ అగ్గిపుల్ల గీసినవాళ్లు ఎందరో.

ముందు కళ్లె సంగతి చూద్దాం. శ్వాసనాళాల లోపలి గోడ నిండా కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. ఒక్కో కణం మీద సుమారు 200 కేశాలు. ఒక్కోదాని పొడవు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఇవి సెకనుకు పది పదిహేనుసార్లు ఒకే దిక్కుకు ఊగుతాయి. పైన పల్చటి జిగురు పొర ఉంటుంది. గాలిలో వచ్చిన దుమ్ము, క్రిములు అందులో చిక్కుకుంటాయి. నూగు ఆ జిగురును గొంతు దాకా ఎక్కిస్తుంది, మనం గుర్తించకుండానే మింగేస్తాం.

ఏళ్ల తరబడి పొగ తగిలితే ఈ నూగు పొట్టిదైపోతుంది, కొన్నిచోట్ల పూర్తిగా రాలిపోతుంది. అదే సమయంలో జిగురు తయారుచేసే కణాల సంఖ్య పెరుగుతుంది. సరుకు ఎక్కువ, మోసే కూలీలు తక్కువ. పొగతాగేవాళ్లు పొద్దున్నే ఖళ్లుఖళ్లుమని దగ్గేది అందుకే. పైగా దగ్గు పుట్టించే నాడులు కూడా పొగకు మొద్దుబారి ఉంటాయి. మానేసిన కొద్ది వారాల్లో ఆ నాడులకు చురుకు తిరిగొస్తుంది. నూగు మళ్లీ మొలిచి ఊగడం మొదలుపెడుతుంది. జిగురు కణాలు మాత్రం అంత తొందరగా తగ్గవు, వాటికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో లోపలున్నదంతా పైకి వస్తుంది కాబట్టి దగ్గు, కళ్లె, కొందరికి పిల్లికూతలు. అందరికీ ఇలా జరగదు, మానగానే దగ్గు తగ్గేవాళ్లూ చాలామందే. పెరిగినవాళ్లకు సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

ఈ కొద్ది వారాల్లో చేయకూడని పని, దగ్గును నొక్కేసే సిరప్పు సొంతంగా కొనుక్కుని తాగడం. పైకి రావలసింది లోపలే నిలిచిపోతుంది. తగినన్ని నీళ్లు తాగాలి. ఫిజియోథెరపిస్టులు నేర్పే తేలిక పద్ధతి ఒకటుంది: కుర్చీలో నిటారుగా కూర్చుని, నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి తీసి వదలాలి. తర్వాత ఓ మోస్తరుగా గాలి పీల్చి, నోరు బాగా తెరిచి, గొంతు బిగించకుండా ‘హ్హా’ అని కడుపులోంచి బలంగా వదలాలి. రెండు మూడుసార్లు అలా చేస్తే కళ్లె గొంతులోకి వస్తుంది, అప్పుడు ఒక్కసారి దగ్గితే చాలు. పక్కటెముకలు నొప్పెట్టేలా గంటసేపు దగ్గనక్కర్లేదు.

రెండో రకం ఆయాసానికి ఊపిరితిత్తులతో పనిలేదు. నికోటిన్ ఒంట్లో రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. దానికి అలవాటుపడ్డ మెదడు గోల మొదలుపెడుతుంది. చిరాకు, నిద్రపట్టకపోవడం, ఛాతీ పట్టేసినట్టుండటం, ఎంత లాగినా ఊపిరి నిండా అందనట్టు అనిపించడం, మాటిమాటికీ నిట్టూర్పులు, ఆవలింతలు. రెండు మూడు రోజులకు ఇది తారస్థాయికి చేరి, మూడు నాలుగు వారాల్లో మెత్తబడుతుంది. దమ్ము లాగగానే ప్రాణం లేచొచ్చిందన్న హాయి ఇక్కడిదే. పొగతో వెళ్లిన నికోటిన్ కొద్ది సెకన్లలోనే మెదడును చేరి, తాను లేకపోవడం వల్ల పుట్టిన బాధను తానే తీరుస్తుంది. ఇంకో సంగతి, సిగరెట్టు తాగేవాడు తెలియకుండానే రోజుకు చాలాసార్లు ఆరుబయట నిలబడి లోతుగా పీల్చి నెమ్మదిగా వదులుతాడు. మానేశాక ఆ విరామమూ పోతుంది. అదే విరామం తీసుకుని, అగ్గిపెట్టె లేకుండా అలాగే ఊపిరి తీసి వదిలితే చాలామందికి కోరిక తీవ్రత గడిచిపోతుంది.

ఈ రెండో రకం ఆయాసం కూర్చున్నప్పుడు, ఏమీ తోచనప్పుడు ఎక్కువై, నడకలోనో కబుర్లలోనో పడితే మరుపుకొస్తుంది. ఊపిరితిత్తుల ఆయాసం ఇందుకు ఎదురు: నడిస్తే వస్తుంది, ఆగితే తగ్గుతుంది. ఈ తేడా మనకు మనం గమనించుకోవడానికే తప్ప రోగనిర్ధారణకు కాదు. నడిచినప్పుడు ఛాతీ మధ్య బరువు, చేతిలోకో దవడలోకో పాకే నొప్పి ఉంటే అది గుండెది కావచ్చు. పొగతాగినవాడికి గుండెపోటు ముప్పు ఎలాగూ ఎక్కువే.

కాఫీ, టీ ప్రియులకు ఒక ముచ్చట. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. అది కెఫీన్‌ను గబగబా ఖర్చుచేస్తుంది. మానేసిన కొద్ది రోజుల్లో ఎంజైము నెమ్మదిస్తుంది, కెఫీన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. నిన్నటిదాకా హాయిగా సాగిన ఐదు కప్పులే ఇప్పుడు గుండెదడ, వణుకు, నిద్రలేమి తెస్తాయి. నికోటిన్ లేక వచ్చిందనుకున్న దడలో సగం కాఫీది కావచ్చు. కప్పులు సగానికి తగ్గించి చూడటంలో నష్టం లేదు. ఇదే ఎంజైము థియోఫిలిన్‌నూ ఖర్చుచేస్తుంది. మన ఇళ్లలో ఆయాసానికి తరచుగా కనబడే డెరిఫిలిన్ మాత్రలో ఈ మందు కూడా ఉంటుంది. అది వాడుతూ పొగ మానినవాళ్లు డాక్టరుకు తప్పక చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

నికోటిన్ గమ్ గురించి కూడా. దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు నమిలి, ఎక్కిళ్లు, గుండెల్లో మంట వచ్చాయని పారేసేవాళ్లున్నారు. కారంగా చురుక్కుమనే దాకా నిదానంగా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అది వేసుకోవడానికి పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింకుల్లాంటివి తాగకూడదు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదు.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరును వేలికి పెట్టుకుని, తాగే రోజుల్లోనూ 97, ఇప్పుడూ 97, మానినందుకు ఒరిగిందేమిటని అడిగేవాళ్లుంటారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలి పరికరానికి ఆ రెంటికీ తేడా తెలియదు, రెంటినీ కలిపి ఆక్సిజన్ ఖాతాలో రాస్తుంది. అంటే అప్పటి 97లో కొంత దొంగలెక్క. మానాక ఆ వాయువు నాలుగైదు గంటలకోసారి సగమవుతూ పోతుంది. అంకె మారకపోయినా అసలు ఆక్సిజన్ పెరిగినట్టే.

ఇక మిగిలింది, మానినా పూర్తిగా పోని ఆయాసం. నాళాల లోపలి పొర మళ్లీ పుడుతూ ఉంటుంది. ఊపిరితిత్తుల చివరనుండే సన్నని గాలితిత్తుల గోడలు అలా కాదు, చిరిగితే అతుక్కోవు. లండన్‌లో పనిచేసే మగవాళ్లను ఎనిమిదేళ్లు గమనించి పరిశోధకులు ఫ్లెచర్, పీటో 1977లో చెప్పింది ఇదే: పోయిన సామర్థ్యం తిరిగిరాదు, కానీ మానితే పోయే వేగం మామూలు మనిషి వేగానికి దిగుతుంది. అమెరికా, కెనడాల్లో 5,887 మందితో జరిగిన లంగ్ హెల్త్ స్టడీలో మానినవాళ్ల ఊపిరి సామర్థ్యం మొదటి ఏడాది కాస్త పెరిగింది కూడా. పదకొండేళ్ల లెక్క చూస్తే, మొదటి సెకనులో ఊదగల గాలి మానిన మగవాళ్లలో ఏడాదికి సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గగా, తాగుతూనే ఉన్నవాళ్లలో 66 తగ్గింది. బీడీ సంగతీ ఇంతే. మన దేశంలో 2016-17 సర్వే ప్రకారం పెద్దల్లో సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. ఆకు చుట్టే కదా అని తేలిగ్గా తీసుకుంటారు గానీ, తునికాకులోంచి గాలి సరిగా ఆడదు, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, వెంటవెంటనే లాగాల్సిందే.

ఎంత నష్టం జరిగిందో చెప్పేది స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెడతారు. గొట్టాన్ని పెదవులతో బిగించి పట్టుకుని, నిండా గాలి పీల్చి, ఒక్క ఉదుటున ఊదాలి. పక్కనే టెక్నీషియన్ “ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు” అని అరుస్తూనే ఉంటాడు. ఆరు సెకన్లంటే ఇంత పొడుగా అనిపిస్తుంది. కనీసం మూడుసార్లు చేయిస్తారు, చివరికి కాస్త కళ్లు తిరుగుతాయి. శ్వాసనాళాలు వెడల్పు చేసే మందు పీల్చాక కూడా, మొత్తం గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చింది 70 శాతం కంటే తక్కువైతే సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) అని అనుమానిస్తారు. ఎక్స్‌రే బాగుందని ఈ పరీక్ష మానుకోకూడదు, తొలిదశ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు.

సీఓపీడీలో చిక్కు గాలి పీల్చడంలో కంటే వదలడంలో ఎక్కువ. గబగబా వదిలితే సన్నని గొట్టాలు నలిగి మూసుకుపోతాయి, పాతగాలి లోపలే ఉండిపోతుంది. అందుకే ముక్కుతో రెండంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఈల వేసేటట్టు పెదవులు ముడిచి నాలుగంకెలు లెక్కపెడుతూ వదలమంటారు. పెదవుల దగ్గర అడ్డుతగిలిన గాలి వెనక్కి ఒత్తి గొట్టాలను తెరిచి ఉంచుతుంది. మెట్ల మీద పీల్చేటప్పుడు ఆగి, వదులుతూ ఎక్కాలి. మరీ రొప్పుగా ఉంటే కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగాలి. ఇన్‌హేలర్ రాస్తే వాడాలి. అలవాటైపోతుందేమోనని భయపడేవాళ్లలో ముప్పయ్యేళ్లు సిగరెట్టు తాగినవాళ్లు కూడా ఉంటారు! ఇంట్లో కట్టెలపొయ్యి పొగ, దోమల కాయిల్ పొగ అలాగే ఉంటే మానిన ఫలితం సగం అక్కడే పోతుంది. మానాక నాలుగైదు కిలోల బరువు పెరగడం మామూలే, ఆ బరువూ మెట్ల మీద తెలుస్తుంది. రోజూ నడక రెండింటికీ మంచిది.

కళ్లెలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, కదలకుండా కూర్చున్నా ఆయాసం, పెదవులు నీలం తిరగడం – వీటిని మానడం వల్ల వచ్చినవని సరిపెట్టుకోకూడదు. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలి. పొగ తాగినవాళ్లకు క్షయ ముప్పు ఎక్కువ, కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మళ్లీ తాగాలనిపిస్తే సిగరెట్టు పెట్టె మీదే అచ్చయి ఉండే 1800-11-2356కు ఫోను చేయవచ్చు, డబ్బులేమీ పడవు. డాక్టరు మొదట అడిగేది రోజుకెన్ని, ఎన్నేళ్లు అని. రోజుకు ఇరవై చొప్పున ఒక ఏడాది తాగితే ఒక ‘ప్యాక్ ఇయర్’ అని లెక్క కడతారు. పక్కన ఇంటావిడ ఉందని ఈ అంకెను సగానికి కోసి చెప్పేవాళ్లు చాలామంది. ఆవిడకు అసలు అంకె ఎప్పుడో తెలుసు, తెలియనిది డాక్టరుకే.