తుపాకి పంతులు

కావలి నుండి ఉదయగిరికి పోవు దారిలోని కలిగిరి పేరు చెప్పగనే పొగాకు వేలములు జ్ఞప్తికి వచ్చును. పొగాకు జోలికి అడవిపంది రాదు. ఆ పడమటి మెట్టలలోనే కంది, వేరుసెనగ వేసినవాని కష్టము వేరు. వెలిగొండల చెంతకు పోయినకొలది, పంట చేతికి వచ్చు రోజులలో అతని రాత్రులు మంచె మీదనే గడచును. అట్టి రైతుకు నాటు తుపాకి ఎరుగని వస్తువు కాదు.

1959 నాటి ఆయుధముల చట్టము అతనిని మరచిపోలేదు. పంట రక్షణకై మూతి నుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఈయవచ్చునని అందలి 13వ సెక్షను చెప్పుచున్నది. (లైసెన్సు ఉన్నంత మాత్రమున అడవిపందిని చంపవచ్చునని కాదు; అది వన్యప్రాణి చట్టము తేల్చవలసిన సంగతి.) 2016 నాటి నియమావళి మరియొక మెట్టు కట్టినది. లైసెన్సు కోరువాడు ముందుగా శిక్షణ పొందవలెను. ఆయుధమును భద్రపరచుట, ఒకచోటి నుండి మరియొకచోటికి కొనిపోవుట, కాల్చు పద్ధతి, శుభ్రపరచుట అందలి పాఠములు. 2019లో చట్టమును సవరించినప్పుడు, పెండ్లి ఊరేగింపులలో సంబరమునకు తుపాకి పేల్చి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చువారికి రెండేండ్ల వరకు శిక్ష విధింపవచ్చునని చేర్చిరి.

పాఠము లేర్పడినవి; మరి పంతులెవరు? పల్లెపట్టున ఈ విద్య ఎరిగినవారు ఇద్దరే: మాజీ సైనికుడు, విశ్రాంత పోలీసు. ప్రభుత్వ గుర్తింపు పొందినచో ఇద్దరును యోగ్యులే గాని, నా ఓటు పోలీసుకే. సైనికుని తుపాకి శత్రువునకు ఎదురుగా నిలుచును. పోలీసు దానిని భుజమున వేసికొని తిరునాళ్లలో, సంతలలో, ఎన్నికల బూతుల వద్ద, పిల్లల నెత్తుకొన్న తల్లుల నడుమ నిలిచినవాడు. అభ్యాస క్షేత్రమున తప్ప ఒక్క తూటాయైనను కాల్చకుండ కొలువు ముగించినవారు పెక్కుమంది. దానిని కొందరు తక్కువగా చూతురు. ముప్పదేండ్లు చేత ఉన్నదానిని కాల్చకుండ ఉండుట చేతగానివాని పనియా?

ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులకు ఈ శిక్షణ రుచి కొంత తెలియును. ‘జాంచ్ శస్త్ర్’ అను ఆజ్ఞ వినబడగనే తుపాకి ఖాళీయని చూపవలెను. ఇప్పుడే చూపితిని గదా యని వాదించుట కుదరదు.

ఈ పట్టుదల యెందుకో తెలియవలెనన్నచో అమెరికా సరిహద్దు రక్షకదళములోని బిల్ జోర్డాన్ కథ వినవలెను. ఒరలోని పిస్తోలును తీసి గురిని కొట్టుటకు ఆయనకు సెకనులో మూడవ వంతైనను పట్టెడిది కాదు. అంతటివాని చేతిలోని పిస్తోలు 1956లో పొరపాటున ప్రేలి తోటి ఉద్యోగి ప్రాణము తీసినది. ముప్పదేండ్లకు పైగా కొలువు చేసి విరమించిన పిమ్మట ఆయన ఆ దేశపు జాతీయ రైఫిల్ సంఘమునకు ప్రతినిధిగా తిరిగెను; తన విద్యను 1965లో పుస్తకముగా వెలువరించెను. చేతి వేగము వేరు, చేతి జాగ్రత్త వేరు. ఒకటి వచ్చినంతనే రెండవది వెంట రాదు. 1976లో అరిజోనాలో తుపాకి పాఠశాల నెలకొల్పిన జెఫ్ కూపరు, తాను ప్రచారము చేసిన నాలుగు సూత్రములలో దీనినే మొదట నిలిపెను: ప్రతి తుపాకిలోను తూటా ఉన్నదనియే ఎంచవలెను. చంపదలచని దానివైపు గొట్టము త్రిప్పరాదు. గురి కుదురువరకు మీటపై వ్రేలు పెట్టరాదు. గురి యేదో, దాని వెనుక నేమున్నదో తెలిసికొనవలెను. ఇవి తక్కిన మూడు.

మన నాటు తుపాకి విషయమున మొదటి సూత్రము మరింత కఠినము. రైఫిలును తెరచి చూడవచ్చును. మూతి నుండి మందు కూరిన గొట్టములోనికి కంటికి దారి లేదు. రాత్రి పంది రాలేదు. మందు వృథా యేల యని దట్టించిన తుపాకిని అట్లే ఇంటికి తెచ్చి మూల నానించుట జరుగును. పైనున్న చిన్న టోపీ తీసివేసితిని, భయము లేదనుకొందురు. లోపలి మందు లోపలనే ఉన్నది; దానికి కావలసినది ఒక్క నిప్పురవ్వ.

ఇచ్చట పంతులు చూపవలసినది గజము వాడుక. తుపాకి ఖాళీగా ఉన్నప్పుడు గజమును అడుగు వరకు దింపి, మూతి వద్ద దానిపై గాటు పెట్టవలెను. మరల ఎప్పుడు దింపినను ఆ గాటు మూతికి దిగిరానిచో లోపల మందు కలదు. ఈ పరీక్షకు చదువు అక్కరలేదు, ఖర్చు లేదు. రైతుతో పాటు ఆ ఇంటి ఇల్లాలు కూడ దీనిని నేర్చుకొనుట మంచిది. పగటివేళ తుపాకి ఉన్న ఇంట పిల్లలతో ఉండునది ఆమె. మందు ఒకచోట, తుపాకి మరియొకచోట తాళములో ఉండవలెను. ఆ తాళపుచెవి గోడకున్న మేకునకు తగిలింపరాదు.