పాత రూపంలో కొత్త ఆటలు

పదహారు చుక్కల వెడల్పు, పదహారు చుక్కల ఎత్తు గల ఒక చిన్న గడి. అందులో ఒక మనిషిని చిత్రించాలి. వాడదగిన రంగులు మూడే. 1981లో జపాన్‌లోని నింటెండో సంస్థలో పనిచేస్తున్న షిగెరు మియమోటో ఎదుట నిలిచిన సమస్య ఇంచుమించు ఇదే. అంత ఇరుకు చోటులో జుట్టు గీయడం కష్టమని ఆయన ఆ బొమ్మ తలపై టోపీ పెట్టారు. నోరు గీయడానికి స్థలం లేదు గనుక ముక్కు కింద గుబురు మీసం ఉంచారు. చేతులు ఊపుతూ పరుగెత్తడం కంటికి తెలియాలి గనుక చొక్కాకు ఒక రంగు, దానిపై తొడుగుకు మరొక రంగు వేశారు. ఆ బొమ్మే తరువాత మారియో పేరుతో లోకమంతా తిరిగింది. అందరూ ముచ్చటపడిన ఆ వేషం వెనుక ఉన్నది యంత్రపు పేదరికమే.

1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం పరిమాణం సుమారు 40 కిలోబైట్లు. నేడు మన ఫోను తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చోటు ఆదా చేయడానికి ఆ ఆటలో ఆకాశంలోని మబ్బునూ, నేలమీది పొదనూ ఒకే బొమ్మతో గీశారు. మార్చినది రంగు మాత్రమే. ఆ యంత్రం తెరపై ఒకేసారి చూపగలిగిన రంగులు 25కు మించవు. ఒకే వరుసలో ఎనిమిది కదిలే బొమ్మల కన్నా ఎక్కువ చేరితే మిగిలినవి మిణుకుమిణుకుమంటూ మాయమయ్యేవి.

నేడు నలభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ మిణుకు పరిచయమే. 1990లలో మన పట్టణాల ఇళ్ళకు చేరినవి ఎక్కువగా ఆ జపాన్ యంత్రానికి నకళ్ళు. ఈదీగా వచ్చిన రూపాయలు కూడబెట్టి కొనుక్కున్న క్యాసెట్ మీద 9999 ఆటలు అని అచ్చువేసి ఉండేది. తీరా చూస్తే ఉన్నవి కొన్నే, అవే ఆటలు వేర్వేరు దశల నుండి మొదలై వేర్వేరు పేర్లతో కనిపించేవి. ఆట మొరాయిస్తే క్యాసెట్ బయటికి తీసి గట్టిగా ఊది మళ్ళీ పెట్టడం అందరికీ తెలిసిన చికిత్స. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడమే. నోటి తడి వల్ల లోపలి లోహపు పలకలకు హాని అని తయారీదారులే హెచ్చరించారు. అయినా ఊదనివారు లేరు!

అటువంటి ఆటలు ముప్ఫయి ఏళ్ళ తరువాత కొత్తగా పుట్టుకొస్తున్నాయి. పెద్ద సంస్థలతో సంబంధం లేకుండా ఒక్కరో, నలుగురైదుగురో కలిసి చేసే స్వతంత్ర ఆటలు ఇవి. ఇంగ్లీషులో ఇండీ గేమ్స్ అంటారు. యంత్రాలు నేడు ఎన్ని కోట్ల రంగులనైనా చూపగలిగినా, వీరు కావాలనే చుక్కల బొమ్మలను, సన్నని పాత సంగీత ధ్వనులను ఎంచుకుంటున్నారు. దీనిని కేవలం చిన్ననాటి మీది మమకారం అనుకోవడం పొరపాటని మేము భావిస్తాము. ఒక పెద్ద ఆటలో ఒక్క పాత్రను త్రిమితీయంగా మలచడానికి ఎందరో నిపుణులు కొన్ని వారాలు శ్రమించవలసి ఉంటుంది. పదహారు చుక్కల బొమ్మను ఒక్క మనిషి ఒక పూటలో గీయగలడు. చేతిలో పెట్టుబడి లేనివాడు తన మనసులోని కథను ఆటగా చెప్పడానికి పాత రూపం ఒక్కటే దారి అయింది.

అయితే ఈ పాతదనం ఎంతవరకు పాతది? 2013లో అమెరికాకు చెందిన యాట్ క్లబ్ గేమ్స్ అనే చిన్న బృందం 'షవల్ నైట్' అనే ఆటకోసం ప్రజలనుండి చందాలు కోరింది. అడిగినది 75 వేల డాలర్లు, సమకూరినది 3 లక్షల 11 వేలకు పైగా. 2014లో ఆట విడుదలైంది. చూడగానే పాత యంత్రపు ఆటే అనిపిస్తుంది. కాని తరచి చూస్తే వారు కొన్ని నియమాలను పాటించి, కొన్నింటిని నిశ్శబ్దంగా వదిలివేశారు. రంగుల పట్టిక పాతదే, దానికి అవసరమైన కొన్ని రంగులు చేర్చారు. తెర మాత్రం నేటి వెడల్పు టీవీకి సరిపోయేది. బొమ్మలు మిణుకుమనడం అసలు లేదు. మరొక సంగతి. ఆనాటి బొమ్మలను గీసినవారు గాజు గొట్టపు టీవీలను దృష్టిలో ఉంచుకుని గీశారు. ఆ తెరలు చుక్కల అంచులను కొద్దిగా కలిపివేసేవి, నీడలు మెత్తగా కనిపించేవి. నేటి తెరపై కనిపించే పదునైన చతురస్రాలు నిజానికి మన బాల్యంలో మనం చూసినవి కావు. ఈ కొత్త ఆటలు పాత ఆటలలాగా ఉండవు. మన జ్ఞాపకంలోని పాత ఆటలలాగా ఉంటాయి.

ఈ కోవలో మన కుటుంబాలలో మాట్లాడుకోదగినది 'స్టార్‌డ్యూ వ్యాలీ'. దాని మూలం 1996లో జపాన్‌లో వెలువడిన 'హార్వెస్ట్ మూన్'. దానిని రూపొందించిన యసుహిరో వాడా పల్లెటూరులో పెరిగి టోక్యో చేరినవారు. యుద్ధాలతో నిండిన ఆటల మధ్య ఆయన విత్తడం, నీరు పెట్టడం, పశువులను మేపడం ఆటగా మలిచారు. ఆ ఆటలు ఆడి పెరిగిన అమెరికా యువకుడు ఎరిక్ బారోన్ 2011లో కంప్యూటర్ సైన్స్ పట్టా పుచ్చుకున్నాడు. కోరుకున్న ఉద్యోగం దొరకలేదు. ప్రోగ్రామింగ్‌లో చేయి తిరగడం కోసం చిన్న వ్యవసాయపు ఆట ఒకటి మొదలుపెట్టాడు. కొద్ది నెలల్లో ముగియవలసిన పని సుమారు నాలుగున్నర సంవత్సరాలు పట్టింది. బొమ్మలు, సంగీతం, కథ, సంభాషణలు, ప్రోగ్రాము అన్నీ ఆయన ఒక్కరివే. గీసిన ముఖచిత్రాలను నచ్చక చెరిపివేసి మళ్ళీ మళ్ళీ గీశాడు. సియాటిల్ నగరంలోని ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపే చిరు ఉద్యోగం చేస్తూ, తోడునీడగా ఉన్న ఆమె సంపాదన ఆసరాతో రోజులు నెట్టాడు. 2016 ఫిబ్రవరి 26న ఆట విడుదలైంది. 2024 చివరినాటికి నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఆటను విస్తరించినా, ఒకసారి కొన్నవారినుండి ఆయన మళ్ళీ ఒక్క పైసా అడగలేదు.

కథ సులభం. నగరంలో ఒక పెద్ద సంస్థలో విసిగిపోయిన ఉద్యోగికి తాతగారి ఉత్తరం అందుతుంది. పల్లెలో రాళ్ళు రప్పలతో నిండిన పొలం వారసత్వంగా వస్తుంది. రాళ్ళు ఏరి, చెట్లు కొట్టి, నేల గుల్లచేసి, విత్తనం వేసి, నీరు పోయాలి. ఋతువు మారేలోగా పంట చేతికి రాకపోతే వాడిపోతుంది. కోళ్ళకు మేత వేయడం మరిస్తే అవి అలుగుతాయి. ఊరివారి పుట్టినరోజులు, ఇష్టాయిష్టాలు గుర్తుంచుకుని కానుకలు ఇస్తే స్నేహం పెరుగుతుంది. శిథిలమైన ఊరి సమాజ మందిరాన్ని మన పంటలతో, పట్టిన చేపలతో, తవ్విన లోహాలతో కొంచెం కొంచెంగా బాగుచేయవచ్చు. లేదా అక్కడికి వచ్చిన ఒక పెద్ద దుకాణ సంస్థకు డబ్బు కట్టి అన్నీ తొందరగా చేయించుకోవచ్చు, అప్పుడు ఆ మందిరం ఆ సంస్థ గోదాముగా మారుతుంది. పిల్లలతో కూర్చుని ఈ రెండు దారుల గురించి ముచ్చటించడానికి ఎంతో ఉంది.

పాఠకులనుండి దాచకూడని సంగతి కూడా ఉంది. ఈ ఊరిలో ఒక మద్యశాల ఉంది. పొలంలోని పండ్లను పీపాలలో పోసి మద్యంగా మార్చి అమ్మవచ్చు, అది లాభసాటి కూడా. చాలా దూరం ఆడిన తరువాత ఎడారిలో ఒక జూదశాల తెరుచుకుంటుంది. అందులో నిజమైన డబ్బు ప్రమేయం లేదు గాని, ఉన్నది జూదమే. తాగుడుకు బానిసై తనపై తనకే అసహ్యం పెంచుకున్న షేన్ అనే పాత్ర కథ కూడా ఇందులో ఉంది. అది తాగుడును పొగిడే కథ కాదు, దాని బాధను దాపరికం లేకుండా చెప్పే కథ. అయినా చిన్నపిల్లలకు తగినది కాదు. పీపాల బదులు జాడీలు పెట్టుకుంటే అవే పండ్లు జామ్ అవుతాయి, కూరగాయలు ఊరగాయలవుతాయి. జున్ను, మయోనైస్, ఉన్ని వస్త్రం చేసి కూడా పొలాన్ని చక్కగా నడపవచ్చు. జూదశాల గడప తొక్కకుండానే ఆటను ఆస్వాదించవచ్చు. ఈ ఎంపికలు ఇంటి పెద్దలు ముందుగా తెలుసుకుని ఉండాలన్నదే మా అభిప్రాయం. సంగీతం వద్దనుకునే ఇళ్ళవారు దానిని విడిగా నిలిపివేసి, వాన చప్పుడు, కోడి కూత వంటి ధ్వనులను మాత్రం ఉంచుకునే వీలుంది.

మన పిల్లల ఫోన్లలో ఉన్న ఆటలతో పోల్చినప్పుడు దీని విలువ మరింత స్పష్టమవుతుంది. ఉచితం అని రాసి ఉండే ఆ ఆటలలో చాలావరకు అసలు వ్యాపారం లోపల మొదలవుతుంది. నేడు లాగిన్ అయితే బహుమతి, రేపు కాకపోతే నష్టం. రంగుల పెట్టె కొనాలి, దానిలో ఏముందో తెరిచే వరకు తెలియదు. కోరినది రాకపోతే మళ్ళీ కొనాలి. డబ్బు పెట్టి, ఫలితాన్ని అదృష్టానికి వదలడాన్ని మన పెద్దలు ఏమని పిలిచేవారో వేరే చెప్పనక్కరలేదు. 2018లో బెల్జియం ప్రభుత్వ సంస్థ కొన్ని ప్రసిద్ధ ఆటలలోని ఇటువంటి పెట్టెలను జూదంగానే పరిగణించింది. డబ్బు పందెంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో కఠినంగా వ్యవహరించాయి, 2025లో కేంద్రమే చట్టం తెచ్చింది. ఆ చట్టాలు పందెపు ఆటలకు సంబంధించినవి. పిల్లవాడు తండ్రి ఫోనులో రంగుల పెట్టెలు కొంటూ పోతే దానిని ఆపవలసినది ఇల్లే. స్టార్‌డ్యూ వంటి ఆట పద్ధతి పాత క్యాసెట్ పద్ధతి. ఒకసారి వెల చెల్లిస్తే వస్తువు మనది. అది మనల్ని రోజూ పిలవదు, అలగదు, భయపెట్టదు. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఇక మిగిలినవి క్లుప్తంగా. జపాన్‌కు చెందిన దైసుకె అమాయా తీరిక వేళల్లో అయిదేళ్ళు ఒంటరిగా శ్రమించి చేసిన 'కేవ్ స్టోరీ'ని 2004లో ఉచితంగా లోకానికి ఇచ్చాడు. ఈ కొత్త తరానికి దారి చూపినవారిలో ఆయన ముఖ్యుడు. టోబీ ఫాక్స్ చేసిన 'అండర్‌టేల్' 2015లో వచ్చింది. ఎదురుపడే ప్రతి వింత ప్రాణితోనూ మాట్లాడి, నవ్వించి, ఊరడించి, ఒక్క ప్రాణినీ చంపకుండా ఆటను ముగించవచ్చు. చంపితే ఆట దానిని మరచిపోదు. కొన్ని భయంకర దృశ్యాలున్నాయి గనుక పెద్ద పిల్లలకే తగును. లూకస్ పోప్ 2018లో చేసిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' తొలినాటి మాకింటోష్ తెరలాగా రెండే రంగుల్లో ఉంటుంది. ఓడలో ఏమైపోయారో తెలియని అరవై మంది గతిని ఆధారాలు కూర్చి కనిపెట్టాలి. మరణ దృశ్యాలు ఎక్కువ, ఇది కేవలం పెద్దలకు. 2024లో వచ్చిన 'యానిమల్ వెల్' బిల్లీ బాసో అనే ఒక్క వ్యక్తి సుమారు ఏడేళ్ళ శ్రమ. పరిమాణం 40 మెగాబైట్లు కూడా లేదు. అందులో మాటలు దాదాపు లేవు గనుక ఇంగ్లీషు రాని అమ్మమ్మ, నానమ్మ కూడా పక్కన కూర్చుని సలహా చెప్పవచ్చు. మన హైదరాబాద్‌లోనూ ఓగ్రే హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే ఆట తెచ్చింది. బొమ్మల తీరు చుక్కలది కాదు గాని, ఆడిన ప్రతిసారీ దారులు మారిపోయే దాని పద్ధతి 1980 నాటి 'రోగ్' అనే ఆటనుండి వచ్చినదే.

ఈ ఆటలు కాలాన్ని హరించవని చెప్పడం నిజం కాదు. స్టార్‌డ్యూలో ఒక రోజు మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. పాత్ర పడుకుంటేనే ఆట భద్రమవుతుంది. అందుచేత "ఇంకొక్క రోజు" అనే మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది, పిల్లలనుండే కాదు. కాని అదే కొలత మనకు సాధనంగానూ ఉపయోగపడుతుంది. అరగంట ఆడుకో అనడం కంటే రెండు రోజులు ఆడుకో అనడం పిల్లలకు సులభంగా అర్థమవుతుంది, పని మధ్యలో తెగిపోయిందన్న ఏడుపూ ఉండదు. ఆట మధ్యలో అజాన్ వినిపిస్తే, ఒంటరిగా ఆడుతున్నప్పుడు జాబితా తెరిస్తే చాలు, కాలం ఆగిపోతుంది. నమాజు ముగించి వచ్చేసరికి నీళ్ళ డబ్బా చేతిలో అలాగే ఉంటుంది, మొక్క ఎండిపోదు.

2020 చివరలో వచ్చిన మార్పుతో ఒకే తెరను రెండుగా చీల్చి ఇద్దరు కలిసి ఒకే పొలంలో పనిచేసే వీలు కలిగింది. రెండు కంట్రోలర్లు, ఇంట్లోని టీవీ ఉంటే చాలు. అన్న గనిలోకి దిగి రాగి తవ్వుతుంటే చెల్లెలు కోళ్ళకు మేత వేస్తుంది. సంచిలోని డబ్బు సాధారణంగా ఇద్దరిదీ ఒకటే. చెల్లెలు దాచిన సొమ్ముతో అన్న చేపల గాలం కొన్నాడా, ఆ పంచాయతీ తీర్చడానికి వంటింట్లోనుండి అమ్మీ రాక తప్పదు.