మీసాల నాగమ్మ నుంచి మమ్ముట్టి దాకా... మీకు తెలుసా?

కొండపల్లి బొమ్మకి అచ్చు ఉండదు. మీకు తెలుసా? తెల్ల పొణికి కర్రలో తల వేరే, చేతులు వేరే చెక్కుతారు. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. మన సినిమాల్లో గే పాత్రలకి మాత్రం ఏళ్ల తరబడి ఒక్కటే అచ్చు! వయ్యారం నడక, గాల్లో తిరిగే చెయ్యి, హీరో మీద వాలిపోవడం, ఆ వెంటనే చెంపదెబ్బ. ఆ పాత్రకి ఇల్లుండదు, అమ్మానాన్నలుండరు, ప్రేమ అసలే ఉండదు!

బెజవాడలో మారుతీ టాకీస్ తెరుచుకున్నది 1921లో. గే మనిషి కథానాయకుడిగా సినిమా అంతకంటే ముందే వచ్చిందని మీకు తెలుసా? 1919లో, జర్మనీలో! హీరో వయొలిన్ విద్వాంసుడు. అతని ప్రేమ సంగతి పట్టుకుని ఒకడు బెదిరించి డబ్బు గుంజుతుంటాడు. పేరు 'అండర్స్ ఆల్స్ డీ ఆండర్న్'. మరుసటి ఏడాదే నిషేధం పడింది. మన ఊళ్లో హాలు కట్టకముందే అక్కడ బొమ్మ ఎత్తేశారు!

విజయవాడ ఎస్సార్సార్ కాలేజీ నాటకంలో ఒక విద్యార్థికి నాగమ్మ అనే ఆడవేషం ఇచ్చారు విశ్వనాథ సత్యనారాయణ గారు. కుర్రాడు వేషానికి సరే అన్నాడు, మీసం తీయడానికి మాత్రం ససేమిరా అన్నాడు. అలాగే స్టేజీ ఎక్కేశాడు. దాంతో 'మీసాల నాగమ్మ' అని పేరు పడిపోయింది. ఎవరా కుర్రాడు? ఎన్టీ రామారావు! 1963లో 'నర్తనశాల'లో బృహన్నల కూడా ఆయనే. కొండపల్లి ఇప్పుడున్నది ఏ జిల్లాలో? ఎన్టీఆర్ జిల్లాలో. నాగమ్మ గారి పేరు మీద ఏకంగా జిల్లా!

బాపట్ల స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ. దేనికో మీకు తెలుసా? రంగస్థలం మీద ఆడవేషాలకి! కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ. ఆయన సత్యభామగా జడ విసిరితే చాలు, ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చేవి. వేషం వేరు, ప్రేమ వేరు, నిజమే. కానీ చీర కట్టిన మగవాడిని ఇంతగా నెత్తిన పెట్టుకున్న నేల, మగవాడిని ప్రేమించిన మగవాడిని తెరమీద చూడగానే ఈల వేసి వెక్కిరించింది. ఇంతకంటే విచిత్రం ఈ శీర్షికలో ఇంకోటి దొరకదు!

అంకెల సరదా ఉందా? 13 అంకెల సంఖ్యని ఇంకో 13 అంకెల సంఖ్యతో మనసులోనే హెచ్చించి, 28 సెకన్లలో జవాబు చెప్పి గిన్నిస్‌కెక్కిన శకుంతలా దేవి మీకు తెలుసు. ఆమే 1977లో స్వలింగ ప్రేమికుల జీవితాల మీద పుస్తకం రాశారని మీకు తెలుసా? దేశంలో ఆ విషయం మీద వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఇంకా ఉంది, ఆగండి. 1980లో మన మెదక్‌లో ఇందిరా గాంధీ మీద పోటీ చేశారు! 6,514 ఓట్లొచ్చాయి. ఆ లెక్క మాత్రం తప్పింది!

'ఫైర్' సినిమాలో తోడికోడలిని ప్రేమించిన పెద్ద కోడలు షబానా ఆజ్మీ. ఆమె పుట్టిన ఊరు ఏదో మీకు తెలుసా? మన హైదరాబాదే! సెన్సారు వాళ్లు పాస్ చేసిన బొమ్మని 1998 డిసెంబరులో ముంబైలో నిరసనకారులు హాళ్ల మీద పడి ఆపించారు. సినిమా మళ్లీ సెన్సారుకెళ్లింది. మళ్లీ కోత లేకుండా బయటికొచ్చింది. రెండుసార్లు పరీక్ష, రెండుసార్లూ పాస్!

అమెరికాలో ఎలెన్ డీజెనరస్ సీరియల్లో 'నేను గే' అని చెప్పే ఘట్టం 1997 ఏప్రిల్ 30న వచ్చింది. ఒక్కరికి చెవిలో చెబుదామనుకుంటే విమానాశ్రయం మైకులో పడి ఊరంతా వినబడిపోతుంది! ఆ రాత్రి చూసినవాళ్లు దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది. 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభాకి కాస్త తక్కువ. అమ్మో!

ఇప్పుడు మన తెలుగు టీవీ. ఇక్కడ నవ్వు ఆపి చదవండి.

2011 ఫిబ్రవరి 22. హైదరాబాద్‌లో గే సంస్కృతి పెచ్చుమీరిపోయిందంటూ టీవీ9 ఒక కథనం వేసింది. ఒక వెబ్‌సైట్లో యువకులు పెట్టుకున్న ఫొటోలు తీసి తెరమీద చూపించారు. వాళ్లకి ఫోన్ చేసి, తియ్యగా మాటల్లో పెట్టి, ఆ మాటలు రికార్డు చేసి ప్రసారం చేశారు. ఇంట్లో అమ్మకి కూడా చెప్పుకోని సంగతి, అమ్మ చూసే టీవీలోనే! ఆ కుర్రాళ్లు చేసిన నేరమేంటి? ఏమీ లేదు. ఢిల్లీ హైకోర్టు 2009 జులై 2నే స్వలింగ ప్రేమ నేరం కాదని తేల్చేసింది.

దానికి ఏం జరిగిందో మీకు తెలుసా? న్యూస్ చానళ్ల వాళ్లే పెట్టుకున్న ప్రమాణాల సంస్థ విచారించింది. అధ్యక్షులు జస్టిస్ జె.ఎస్. వర్మ. చానల్‌కి లక్ష రూపాయల జరిమానా పడింది. అంతటితో వదల్లేదు. వరసగా మూడు రోజులు, ప్రైమ్ టైమ్‌లో, తెరనిండా పెద్ద అక్షరాలతో క్షమాపణ వేయమన్నారు, నిదానంగా చదివి వినిపించమన్నారు. బ్రేకింగ్ న్యూస్ చానల్‌కి నిదానంగా చదవమని శిక్ష! లక్ష రూపాయలు మాత్రం మరీ తక్కువ. ఒక్కొక్క కుర్రాడి నిద్రలేని రాత్రికి అది ఏ మూలకి?

అదే ఊరు, పదేళ్లకి. 2021 డిసెంబరులో హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ పెళ్లి వేడుక చేసుకున్నారు. మెహందీ, హల్దీ, అన్నీ! ఈసారి ఫొటోలు ఎవరూ దొంగిలించలేదు, వాళ్లే నవ్వుతూ ఇచ్చారు. దేశమంతా పేపర్లలో వచ్చాయి. తర్వాత స్వలింగ వివాహాల మీద సుప్రీంకోర్టుకెళ్లిన కేసుకి పేరు కూడా సుప్రియోదే! 2023లో ఆ వాదనలు లైవ్‌లో వచ్చాయి, ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు. అక్టోబరు 17న తీర్పు వాళ్లకి వ్యతిరేకంగా వచ్చింది. వాళ్ల ముఖాలు మాత్రం జనానికి గుర్తుండిపోయాయి.

2018 ఫిబ్రవరి 16న వచ్చిన 'అ!' చూశారా? నాని నిర్మాత, ప్రశాంత్ వర్మ దర్శకుడు. కూతురు పెళ్లి చేసుకుంటానన్న క్రిష్‌ని చూడ్డానికి అమ్మానాన్న రెస్టారెంట్లో కూర్చుంటారు. అల్లుడొస్తాడని తలుపు వైపు చూస్తుంటే ఒక అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. క్రిష్ అంటే ఆమే! నిత్యా మీనన్ ఎంత తాపీగా కూర్చుంటుందంటే, కంగారంతా ఎదుటి కుర్చీల్లోనే. చెంపదెబ్బ లేదు, ఈల లేదు. కథ చివరి మలుపులో ఆ జంటని కూడా ఒక గాయపడ్డ మనసు ఊహగా మార్చేయడం నాకు నచ్చలేదు. అయినా ఆ కుర్చీల సీను గెలిచింది. అసలు ఆశ్చర్యం ఏంటో మీకు తెలుసా? ఆ ఢిల్లీ తీర్పుని కొట్టేశాక స్వలింగ ప్రేమని మళ్లీ నేరం చేసిన 377 సెక్షన్ కోరల్ని సుప్రీంకోర్టు పీకింది 2018 సెప్టెంబరు 6న. తెలుగు సినిమా అంతకంటే ఆరు నెలల ముందే ఉంది!

రామ్‌గోపాల్ వర్మ ఇంజినీరింగ్ చదివింది విజయవాడ సిద్ధార్థలో. ఆ కాలేజీ గొడవల్లోంచే 'శివ' పుట్టింది. 2022లో ఇద్దరు అమ్మాయిల ప్రేమ, హత్యలతో 'మా ఇష్టం' తీశారు. లెస్బియన్ కథ కాబట్టి పీవీఆర్, ఐనాక్స్ తమ హాళ్లు ఇవ్వమన్నాయని ఆయనే ప్రకటించారు. హాళ్లు ఆపకూడదు, అది తప్పే. కానీ పోస్టర్ల నిండా ఒళ్లే కనిపిస్తే ఆ అమ్మాయిల ప్రేమ ఎవరికి కనబడుతుంది? అది కూడా అచ్చే, కాకపోతే ఇంకో అచ్చు!

చివరి ప్రశ్న. 2019లో 'యాత్ర'లో వై.ఎస్. రాజశేఖర రెడ్డిగా పంచె కట్టి జనంలో నడిచిందెవరు? మమ్ముట్టి. 2023 నవంబరు 23న వచ్చిన మలయాళ సినిమా 'కాతల్'లో గే భర్తగా, అదీ పంచాయతీ ఉపఎన్నికలో అభ్యర్థిగా నటించిందెవరు? మమ్ముట్టే! విడాకులు కోరే భార్యగా జ్యోతిక. డబ్బు పెట్టిందెవరు? అదీ మమ్ముట్టే! ఏడు పదులు దాటిన సూపర్‌స్టార్! కేరళ ప్రభుత్వ ఉత్తమ చిత్రం అవార్డు కూడా దానికే. మరి మన పెద్ద హీరోల్లో ఇలాంటి పాత్రకి ముందుగా సై అనేదెవరు? పందెం కాయండి!