కొలనుకు మరొక డిస్కు

కడప జిల్లాలో బద్వేలు దాటి ఉత్తరముగా పోయినచో పోరుమామిళ్ళ చెరువు కనిపించును. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయని కుమారుడు భాస్కరుడు దీనిని కట్టించెను. 1369 నాటి శిలాశాసనము ఈ చెరువు వృత్తాంతముతో ఆగక, మంచి చెరువునకు ఉండవలసిన పన్నెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను కూడ లెక్కించినది. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో ఒకటి. చెరువు ఎంత పెద్దదైనను, కట్ట ఎంత దృఢమైనను, బలహీనమైన చోటు ఒక్కటి ఉన్న చాలును. అక్కడ గండిపడినచో పోవునది ఆ చోటి నీరు మాత్రమే కాదు, చెరువంతయు ఖాళీయగును.

ఈ నియమము నేడు ఇండ్లలోని కంప్యూటర్లకు కూడ వర్తించును. ప్రొద్దుటూరులో ఒక గృహస్థు తన ఇంట చిన్న సర్వర్ నడుపుచున్నాడని ఊహింపవచ్చును. సర్వర్ అనగా ఇంటిల్లిపాది సమాచారమును ఒకచోట దాచి, అడిగినప్పుడు ఫోనులకును కంప్యూటర్లకును అందించు యంత్రము. పెళ్ళి ఫోటోలు, పొలము పత్రముల నకళ్ళు, పిల్లల పాఠములు, ఏటేటి దసరా ఉత్సవముల వీడియోలు అందులో ఉన్నవి. ఇవన్నియు ఒక్కొక్కటి 4 టెరాబైట్లు గల మూడు హార్డ్ డిస్కులలో నిలువయున్నవి. మూడు డిస్కులను కలిపి ఒకే నిలువగా వాడుకొను ఏర్పాటునకు నిపుణులు పెట్టిన పేరు ‘పూల్’, అనగా కొలను.

ఇప్పుడు కొలను నిండవచ్చినది. గృహస్థు నాలుగవ డిస్కు కొనితెచ్చినాడు. దానిని చేర్చుటకు రెండు మార్గములు కలవు. రెండింటను లభించు చోటు ఒక్కటే. కాని ఒక మార్గమున కట్ట పొడిగింపబడును. రెండవ మార్గమున కట్టలో బలహీనమైన చోటు ఏర్పడును.

డిస్కు ఎందుకు చెడును?

హార్డ్ డిస్కును మొదట వ్యాపారమున ప్రవేశపెట్టినది ఐ.బి.ఎం. సంస్థ. 1956లో అది తయారుచేసిన యంత్రమున 24 అంగుళముల వ్యాసము గల పళ్ళెములు 50 ఉండెడివి. అన్నిటియందును కలిపి పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి 4 టెరాబైట్ల డిస్కు అరచేతిలో ఇమిడిపోవును. దానిలో పట్టునది 4 లక్షల కోట్ల బైట్లు.

పరిమాణము మారినను పనిచేయు విధము మారలేదు. అయస్కాంతపు పూత గల పళ్ళెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగుచుండును. వ్రాయుచు చదువుచుండు శిరస్సు పళ్ళెమును తాకక, దానిపై అతి స్వల్పమైన ఎడముతో తేలుచుండును. ఇట్టి యంత్రమునకు అరుగుదల తప్పదు. వేడిమి, కుదుపు, హఠాత్తుగా విద్యుత్తు ఆగుట దానికి శత్రువులు. కావున డిస్కు చెడునా అని కాక, చెడిననాడు ఏమగును అని ఆలోచింపవలెను.

సరిబేసి లెక్క

ఆ ఆలోచనకు 1988లో ఒక క్రమమైన రూపము వచ్చినది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, చౌకయైన చిన్న డిస్కులను కొన్నిటిని జతచేసి, ఒకటి చెడినను సమాచారము నిలుచునట్లు చేయు పద్ధతులను వివరించిరి. వీటికే ‘రెయిడ్’ అని పేరు. ఇందలి కిటుకు పాఠశాలలోని సరిబేసి లెక్కయే.

కంప్యూటరు సమాచారమంతయు 0, 1 అను రెండంకెలతోనే వ్రాయబడును. మొదటి డిస్కులో 1011 అనియు, రెండవ దానిలో 0110 అనియు ఉన్నవనుకొనుడు. ఒక్కొక్క నిలువు వరుసలో ఒకట్ల సంఖ్య బేసియైనచో 1, సరియైనచో 0 మూడవ డిస్కులో వ్రాయవలెను. అప్పుడు వచ్చునది 1101. దీనిని ‘పారిటీ’ అందురు.

ఇప్పుడు రెండవ డిస్కు చెడినది. మిగిలిన 1011, 1101 లపై మరల అదే లెక్క చేసినచో 0110 వచ్చును. పోయిన అంకెలు ఇవియే! ఉపాధ్యాయులు ముగ్గురు విద్యార్థుల చేతికి మూడు చీటీలిచ్చి, ఏదో ఒక చీటీని దాచి, దానిపై నున్న అంకెలను తరగతిచేతనే కనుగొనజేయవచ్చును. నిజమైన ఏర్పాటులో పారిటీ అంతయు ఒకే డిస్కులో ఉండక అన్నిటిలోను పంచబడును. ఎట్లైనను, ఒక డిస్కు పరిమాణమంత చోటు ఈ రక్షణకు ఖర్చగును. గృహస్థు కొలనులో మొత్తము 12 టెరాబైట్లున్నను వాడుకకు వచ్చునది 8 మాత్రమే.

ఒక్క మాటలో నున్న భేదము

ఇండ్ల సర్వర్లలో పలువురు వాడు కొలను ఏర్పాటులలో ‘జెడ్.ఎఫ్.ఎస్.’ ఒకటి. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ అనువారు 2001లో దీని పని మొదలిడిరి. 2005లో ఇది అందరికిని లభ్యమైనది. ఇందులో డిస్కులు గుంపులుగా ఏర్పడును. గుంపులన్నియు చేరి కొలను అగును. రక్షణ గుంపునకే గాని కొలనునకు వేరుగా లేదు. ఏ ఒక్క గుంపు నశించినను కొలనంతయు నశించును.

గృహస్థు ‘ఆడ్’ అను ఆజ్ఞ నిచ్చినచో కొత్త డిస్కు ఒంటరిగా ఒక గుంపగును. పాత 8 టెరాబైట్లకు 4 చేరి 12 అగును. తెరపై అంతయు బాగుగనే కనిపించును. కాని అటుపిమ్మట వ్రాయు సమాచారము రెండు గుంపులలోను పరచుకొనును. ఒంటరి డిస్కునకు పారిటీ రక్షణ లేదు. అది చెడిననాడు మిగిలిన మూడు డిస్కులు చక్కగా ఉన్నను కొలను తెరువబడదు. చెరువుకట్టకు ఇసుకకట్ట జతచేసినట్లే.

ఇట్లు చేయబోయినచో, రక్షణస్థాయి సరిపోలుటలేదని యంత్రము మొదట హెచ్చరించి నిరాకరించును. తొందరపాటున ‘బలవంతముగా చేయుము’ అను గుర్తు చేర్చినచో అంగీకరించును. ఇట్టి పారిటీ గుంపు గల కొలనునుండి ఒకసారి చేర్చిన గుంపును తిరిగి తీయుట సాధ్యము కాదు. సమాచారమంతయు వేరొకచోటికి నకలుచేసి, కొలనును మొదటినుండి కట్టుకొనవలసినదే.

రెండవ ఆజ్ఞ ‘అటాచ్’. దీనిచే కొత్త డిస్కు పాత గుంపులోనే నాలుగవ సభ్యుడగును. 4 టెరాబైట్లు పారిటీకి పోగా 12 వాడుకకు మిగులును. చోటు అంతే, కాని ఇప్పుడు నాలుగింటిలో ఏది చెడినను సమాచారము నిలుచును. ఈ సౌకర్యము చిరకాలము లేకుండెను. డిస్కులను ఒక్కొక్కటిగా పెద్దవానితో మార్చుటయో, మరొక పూర్తి గుంపును కొనుటయో చేయవలసివచ్చెడిది. 2025 జనవరిలో విడుదలయైన ఓపెన్ జెడ్.ఎఫ్.ఎస్. 2.3తో ఈ విస్తరణ సాధ్యమైనది.

చేర్చునప్పుడు

చేర్చుటకు ముందు ‘స్క్రబ్’ అను తనిఖీ జరుపవలెను. అది కొలనులోని సమాచారమునంతను చదివి, ప్రతి భాగమునకు ముందే లెక్కించియుంచిన చెక్‌సమ్‌తో సరిచూచి, తప్పున్న చోట పారిటీ సాయమున దిద్దును. పాత డిస్కులలో దాగిన దోషము విస్తరణకు ముందే బయటపడుట మేలు. కొత్త డిస్కు గుంపులోని చిన్న డిస్కు కంటె చిన్నది కారాదు.

విస్తరణలో పాత సమాచారము నాలుగు డిస్కులపైకి సర్దబడును. దీనికి కాలము పట్టును. సెకనుకు 15 కోట్ల బైట్ల వేగముతో 4 టెరాబైట్ల డిస్కును ఒకసారి చదువుటకే ఏడు గంటలు మించును. సర్దుబాటునకు ఇంకను ఎక్కువ. ప్రొద్దుటూరు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును. అంతసేపు ఎడతెగక తిరుగు డిస్కులకు గాలి ఆడునట్లు చూడవలెను. నడుమ కరెంటు పోయినను పని ఆగినచోటినుండి సాగును, ఐనను యు.పి.ఎస్. ఉండుట మంచిది. నడుమ డిస్కు చెడినచో, దానిని మార్చి గుంపును బాగుచేయువరకు విస్తరణ నిలిచిపోవును.

రెండు చోట్ల విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. 4 టెరాబైట్ల డిస్కు కొన్ని తెరలపై 3.64 అని ఏల కనిపించును? తయారీదారు లెక్కలో టెరాబైటు అనగా 10 యొక్క 12వ ఘాతము. ఆ తెరలు 2 యొక్క 40వ ఘాతముతో, అనగా సుమారు 1.0995 లక్షల కోట్లతో, భాగించి చూపును. వస్తువు తగ్గలేదు, కొలబద్ద మారినది.

రెండవది, విస్తరణ తరువాత కొంత చోటు తక్కువగా తోచుట. పాత సమాచారము రెండు పాళ్ళకు ఒక పాలు పారిటీ అను పాత నిష్పత్తితోనే ఉండును. కొత్తది మాత్రమే మూడింటికి ఒకటి చొప్పున వ్రాయబడును. 6 టెరాబైట్ల పాత సమాచారము పారిటీతో 9 ఆక్రమించును. మొత్తము 16లో మిగిలిన 7లో నాలుగింట మూడు వంతులు, అనగా 5.25 మాత్రమే కొత్త సమాచారమునకు దొరకును. పాతదానిని మరల వ్రాసినచో అది 8లో ఇముడును. అప్పుడు ఇంకొక 6 పట్టును.

కట్ట లోపలి నీరు

ఇంత చేసినను కొలను సర్వరక్ష కాదు. పారిటీ కాపాడునది డిస్కు చెడుట నుండియే. పొరపాటున చెరిపిన ఫోటోను అది తిరిగి ఇవ్వజాలదు. దొంగ యంత్రమునే ఎత్తుకొనిపోయినను, ఇంట నిప్పంటుకొన్నను నాలుగు డిస్కులును ఒక్కసారే పోవును. కావున ముఖ్యమైనవాని నకలు వేరొక డిస్కులో, వేరొక ఊరిలో ఉండవలెను. జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఉన్న బంధువుల ఇంట ఒక డిస్కు నుంచి, పండుగకు పోయినప్పుడెల్ల దానిని నవీకరించుట సులభము. అప్పుడప్పుడు ఆ నకలునుండి ఒకటి రెండు ఫైళ్ళను తెరచి చూచుట కూడ అవసరము. తెరువబడని నకలు నకలు కాదు.

కొత్త డిస్కు చేర్చబోవు వారు ఎంత చోటు పెరుగునని మాత్రమే గాక, “ఈ డిస్కు రేపే చెడినచో ఏమి పోవును?” అనియు ప్రశ్నించుకొనవలెను. ‘ఏమియు పోదు’ అని సమాధానము వచ్చిననాడే ఆజ్ఞ నీయవలెను.