ఇళ్ల ఏసీల నుంచి పెద్ద ప్లాంటుకు

చెన్నైలో ఇళ్లకు తిరిగి ఏసీలు బాగుచేసి, తర్వాత పెద్ద భవనాల పనిలోకి మారినవాణ్ని. రెండింటికీ సూత్రం ఒకటే గాని పని వేరు.

ఇంటి ఏసీ సాధారణంగా ఒకటి, రెండు టన్నులు. టన్ను అంటే ఇక్కడ యంత్రం బరువు కాదు. గంటకు 12,000 బీటీయూల వేడిని లాగే శక్తి. పెద్ద ఆసుపత్రుల్లో వందల టన్నుల చిల్లర్లుంటాయి. చిల్లరు సుమారు 7 డిగ్రీలకు చల్లబరచిన నీటిని పంపులు అంతస్తులకు చేరవేస్తాయి. ఆ నీటి గొట్టాల మీదుగా వీచిన గాలి గదులను చల్లబరుస్తుంది. లాగిన వేడిని మిద్దె మీది కూలింగ్ టవరు బయటికి వదులుతుంది. టవరు నీళ్ల వల్ల కండెన్సరు గొట్టాల్లో సున్నం పేరుకుంటే కరెంటు బిల్లు పెరుగుతుంది. కాబట్టి గ్యాసు పని ఒక్కటే చాలదు. నీరు, పంపులు, త్రీఫేజు కరెంటు కూడా తెలియాలి.

ఇంట్లో ఏసీ ఆగితే ఒక రాత్రి ఉక్కపోత. ఆపరేషన్ థియేటర్‌లో ఆగితే రోగికే ముప్పు. అందుకే అక్కడ బాగుచేసేవాడికన్నా చెడిపోకుండా చూసేవాడికే విలువ. పీడనం, ఉష్ణోగ్రత వేళకు చూసి పుస్తకంలో రాయాలి.

ఐటీఐలో ఈ ట్రేడు రెండేళ్లు. చదివిన మన పిల్లలు ఇళ్ల పనిలో చెయ్యి తిరిగాక, పెద్ద ప్లాంటులో సహాయకులుగానైనా చేరాలి. మొదట్లో రాబడి తగ్గవచ్చు. కాని ఇళ్ల పని వేసవితో సన్నగిల్లుతుంది. ప్లాంటు పని ఏడాది పొడుగునా ఉంటుంది.