పత్తి బెట్టకు అలవాటు పడుతుందా?

జూన్‌లో చిలకలూరిపేట విత్తనాల దుకాణాల ముందు నిలబడితే ఓ మాట తప్పకుండా వినబడుతుంది: "రెండు మూడేళ్లు వరసగా బెట్ట పడింది గదా, ఈ రకం దానికి అలవాటు పడిపోయుంటుందిలే." చదువుకున్నవాళ్లు ఇదే మాటకు ‘మ్యుటేషన్’ అని పేరు తగిలించి అడుగుతుంటారు. నీళ్లు అందక అల్లాడిన మొక్క ఆ అవసరానికి తగ్గట్టు తన జన్యువుల్ని దిద్దుకుంటుందనీ, ఆ దిద్దుబాటు గింజలోకి దిగుతుందనీ వాళ్ల నమ్మకం. వినడానికి బాగానే ఉంటుంది గానీ తప్పు. పత్తి విషయంలోనైతే రెండింతల తప్పు.

బెట్టలో మొక్క ఏదో చేస్తుందన్నది నిజమే. నల్లరేగడి నెర్రెలిచ్చే వేళకు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను మొక్కలో పెరుగుతుంది. ఆకుల అడుగున ఉండే సన్నటి రంధ్రాలకు అటూ ఇటూ రెండు కాపలా కణాలుంటాయి. ఈ హార్మోను తగలగానే వాటిలోంచి పొటాషియం బయటికి పోతుంది, దాని వెంట నీరూ పోతుంది. కణాలు మెత్తబడి రంధ్రం మూసుకుంటుంది. నీరు ఆవిరైపోవడం ఆగుతుంది, దాంతోపాటు బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడమూ ఆగుతుంది. అందుకే బెట్టలో పత్తి ఎదగదు. ఇంకా ముదిరితే గూడ రాల్చేస్తుంది. రైతుకు అది నష్టం, మొక్కకు మాత్రం ఖర్చు తగ్గించుకోవడం. ఇదంతా ఉన్న జన్యువులతోనే జరిగే పని, వాటిలో ఒక్క అక్షరం మారదు. మంచి వాన పడితే మళ్లీ మామూలే. విత్తనాన్ని నానబెట్టి, ఆరబెట్టి విత్తితే మొలక గట్టిపడుతుందంటారు. అదీ ఆ మొక్క వరకే, దాని పిల్లలకు ఆస్తిగా రాదు.

మరి జన్యువుల్లో మార్పు ఎక్కడ పుడుతుంది? నకలు రాసేచోట. గుంటూరు మిర్చి యార్డులో కంప్యూటర్లు రాకముందు కమీషన్ కొట్టు గుమాస్తాను తలుచుకోండి. చిట్టాలోంచి ఆవర్జాలోకి వేల పద్దులు ఎక్కిస్తాడు. పక్కన సరిచూసే మనిషి కూడా ఉంటాడు. అయినా ఎక్కడో ఒక సున్నా జారిపోతుంది, ఒక ఏడు ఒకటైపోతుంది. మిర్చి ధర పడిపోయింది గదా, యజమానిని గట్టెక్కిద్దామని అతను తప్పు రాయడు. ధరకూ తప్పుకూ సంబంధం లేదు. చాలా తప్పులు ఎవరూ తిరగేయని పాత పద్దుల్లో పడి అక్కడే ఉండిపోతాయి. కొన్ని కొట్టును ముంచుతాయి. ఎప్పుడో ఒకటి కలిసొస్తుంది. కణం చీలినప్పుడల్లా డీఎన్ఏకు నకలు తీసే ఎంజైములు చేసే పని ఇదే. వాటికీ సరిచూసే యంత్రాంగం ఉంది, దాని కన్నుగప్పే తప్పులూ ఉన్నాయి.

ఎన్ని తప్పులు? మిరప జన్యుపటాన్ని 2014లో కొరియా శాస్త్రజ్ఞులు ప్రచురించారు. దాదాపు 350 కోట్ల అక్షరాలు. టమాటాకు 90 కోట్లే. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో తరతరానికీ పడే తప్పుల్ని 2010లో లెక్కగడితే, ఒక తరంలో 100 కోట్ల అక్షరాలకు సుమారు ఏడని తేలింది. మిరపకూ అదే లెక్క అనుకుందాం. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి, మొత్తం 700 కోట్ల అక్షరాలు. అంటే ప్రతి మిరప మొక్కా దాదాపు 50 కొత్త తప్పులతో పుడుతుంది. ఎకరానికి పదివేల మొక్కలు అనుకుంటే ఐదు లక్షల కొత్త తప్పులు! కాలువకు నీళ్లొచ్చిన ఏడాదైనా, రాని ఏడాదైనా ఆ తప్పులు పడుతూనే ఉంటాయి.

ఇక్కడ ఓ మెలిక ఉంది. మిరప జన్యుపటంలో మూడొంతులకు పైగా ఉన్నవి అసలు జన్యువులే కావు. తమను తామే నకలు చేసుకుని మరోచోట దూరే ముక్కలు. మన గుమాస్తా పుస్తకాల్లో ఒక పేజీ రాత్రికి రాత్రి తనంతట తానే మరో ప్రతి అయి, ఇంకో పుస్తకం మధ్యలో కుట్టుకుపోయినట్టు! ఇలాంటి ‘దూకే జన్యువు’లను మొక్కజొన్నలో 1940లలోనే పట్టుకున్న బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో గానీ నోబెల్ రాలేదు. మామూలు రోజుల్లో మొక్క వీటిని అణచి ఉంచుతుంది. వేడి పెరిగితే కొన్ని లేస్తాయి. అరబిడాప్సిస్‌లో వేడికి లేచే ముక్కకు ‘ఒన్సెన్’ అని, జపాన్‌లో వేడినీటి బుగ్గలను పిలిచే పేరే పెట్టారు. కాబట్టి కష్టకాలంలో కొన్ని మార్పులు పెరగడం నిజమే. అయితే గుమాస్తాకు తల తిరిగిన రోజు తప్పులు పెరుగుతాయి తప్ప తెలివి పెరగదు. ముఖ్యమైన జన్యువుల్లో తప్పులు తక్కువ పడతాయని 2022లో ‘నేచర్’ పత్రికలో ఒక బృందం రాసింది, దానిమీద వాదన నడిచింది. ఆ మాట నిజమైనా సరే, బెట్టను చూసి బెట్టకు పనికొచ్చే మార్పును మొక్క కోరి రాసుకుంటుందని అర్థం కాదు.

కప్పలకు పెళ్లి చేస్తే వాన కురుస్తుందనేవాళ్లను చూసి నవ్వే పెద్దమనుషులు కూడా ఈ ‘అలవాటు’ సిద్ధాంతాన్ని మాత్రం సైన్సే అనుకుంటారు. కప్పల పెళ్లితో పోయేది ఒక పూట. ఈ నమ్మకంతో పోయేది అంతకంటే చాలా ఎక్కువ. మొక్కకు కష్టం నేర్పితే గింజ నేర్చుకుంటుందని సోవియట్ రష్యాలో లైసెంకో పట్టుబట్టాడు, స్టాలిన్ వెనక నిలబడ్డాడు. లైసెంకోను ఎదిరించిన, ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు పోగుచేసిన వావిలోవ్ 1940లో అరెస్టయి, 1943లో సరటోవ్ జైల్లో చనిపోయాడు. 1948లో అక్కడ జన్యుశాస్త్రం చదువుకే తలుపులు మూశారు.

కలిసొచ్చే తప్పు ఎలా ఉంటుందో చూడాలంటే మన వరి చాలు. మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010ను రైతులు కాటన్‌దొర సన్నాలు అంటారు. వరిలో డీఎస్‌టీ అనే జన్యువు ఒకటుంది. ఆకు రంధ్రాలు తెరిచి ఉండడానికి అది తోడ్పడుతుంది. అది చెడిపోయిన వరి మొక్క బెట్టనూ ఉప్పునూ బాగా తట్టుకుంటోందని 2009లో చైనా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. రంధ్రాలు త్వరగా మూసుకుంటాయి, సంఖ్యలోనూ తగ్గుతాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు ఎంటీయూ 1010లో ఆ జన్యువును కావాలనే చెరిపి, ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’ తయారుచేశారు. 2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ మంత్రి దాన్ని ప్రకటించారు. గమనించండి, కొత్త శక్తి ఏదీ చేర్చలేదు, ఉన్నదాన్నే చెడగొట్టారు. బెట్టను తట్టుకోవడమంటే మొక్క బలం పుంజుకోవడమే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

పత్తిలో ఇలాంటి తప్పులకు చోటు ఇంకా ఎక్కువ. మనం వేసే అమెరికా జాతి పత్తి పది ఇరవై లక్షల ఏళ్ల కిందట రెండు వేర్వేరు పత్తి వంశాలు కలిసిపోగా పుట్టింది. నాటు పత్తిలో 13 జతల క్రోమోజోములుంటే దీనిలో 26. రెండు కొట్లు కలిసిపోయి ప్రతి పద్దూ రెండు ఆవర్జాల్లో ఉన్నట్టు. ఒకదానిలో తప్పు పడినా రెండోది నడిపిస్తుంది కాబట్టి, చెడ్డ ప్రతి కూడా తరాల తరబడి మిగిలి, ఎప్పుడో పనికొచ్చే అవకాశం ఉంది.

అయితే పుట్టిన తప్పు ఒక్కటే చాలదు. బెట్టలో మిగతా మొక్కలు మాడిపోయి, అది కలిగిన మొక్క కాయగాసి, ఆ గింజే మరుసటేడు మళ్లీ భూమిలో పడాలి. చిలకలూరిపేట పత్తిలో గొలుసు తెగేది ఇక్కడే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కొన్నేళ్లలోనే చేలన్నీ దాదాపు బీటీ హైబ్రిడ్లయ్యాయి. ఆ విత్తనాన్ని గద్వాల, నంద్యాల లాంటి చోట్ల నీటి వసతి ఉన్న చేలల్లో చేత్తో సంకరం చేసి తీస్తారు. మీ చేలో బెట్టను గెలిచి నిలబడ్డ మొక్క ఏమవుతుంది? దాని పత్తి జిన్నింగు మిల్లుకు పోతుంది, గింజ నూనెకు పోతుంది, మిగిలిన చెక్క గేదెల దాణాలో కలుస్తుంది. ఆ వంశం అంతటితో సరి. వచ్చే ఏడు మీరు కొనే ప్యాకెట్‌లోని గింజ తల్లిదండ్రులు మీ చేను మొహం కూడా చూసి ఉండవు. అది దేనికి అలవాటు పడాలి?

అదే చేలో పురుగును చూడండి. శనగపచ్చ పురుగుకు నెలా నెలన్నరకే మరో తరం వస్తుంది, దాని గుడ్లను ఎవరూ మిల్లుకు తోలరు. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చిన కొన్నేళ్లకే, 1987 నాటికి, గుంటూరు, ప్రకాశం పత్తిచేలల్లో ఆ మందులకు లొంగని పురుగు నిండిపోయింది. ఆ దెబ్బకు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతుల కుటుంబాలకు పరిణామ సిద్ధాంతం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

నాటు పత్తి మాట ఎత్తితే నేను కాస్త పక్షపాతినే. ఈ ఉపఖండంలో వేల ఏళ్లుగా సాగయిన జాతి అది. ఏటా బతికిన చెట్టు గింజే మళ్లీ విత్తనమైంది. వాన మీదే పండి, బతకడం దాని చరిత్ర. పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి, పునాస పత్తి అలాంటివే. పోగు పొట్టిదని మిల్లులు కాదన్నాయి, దిగుబడి తక్కువని రైతు వదిలేశాడు. ఇద్దరినీ తప్పుపట్టలేం. కానీ ఆ విత్తనాలు పోతే, వేల బెట్టలు ఏరిపెట్టిన తప్పులన్నీ వాటితోనే పోతాయి. నంద్యాల పరిశోధన కేంద్రం దేశవాళీ రకాల మీద పని వదలకపోవడం అందుకే మంచిది.

మిరపలో సంగతి వేరు. లాం ఫారం రకాల్లాంటివి, హైబ్రిడ్ కానివి వేసేవాళ్లు సొంత విత్తనం తీసుకోవచ్చు. వాళ్లకు ఒక్క మాట. విత్తనపు కాయ కోసేటప్పుడు కాలువ గట్టున ఏపుగా పెరిగిన మొక్కల వైపు పోకండి, అక్కడ కనబడేది నీటి గొప్ప. చేలో నీరందని చోట, తెగులు లేకుండా కాయ నిలుపుకున్న మొక్కల్ని చూడండి. ఒకే చోటి నుంచి కాక నాలుగైదు చోట్ల నుంచి ఏరండి, లేకపోతే నేల అడుగున ఎక్కడో మిగిలిన తడిని మొక్క గొప్పతనం అనుకుంటారు. పక్క చేలో వేరే రకం ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, దూరం చూసుకోండి. ఒక్క ఏడాదిలో తేడా కనబడదు. హైబ్రిడ్ వేసినవాళ్లు మాత్రం ఈ శ్రమ పడకండి, దాని గింజ వేస్తే మరుసటేడు మొక్కకో రకంగా వస్తుంది.