దండం దశగుణమేనా?

ఆ రోజు తరగతులు ముగిశాయి. అమ్మానాన్నలు వచ్చేదాకా పెద్ద తరగతి పిల్లలు 'ద సింప్సన్స్' కార్టూన్ గురించి కబుర్లలో పడ్డారు. అందులో తండ్రి హోమర్‌కి కోపం వస్తే చాలు, కొడుకు బార్ట్ గొంతు పట్టుకుని ఊపేస్తాడు. బార్ట్ నాలుక బయటికి వస్తుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. ఒక అబ్బాయి, "మా నాన్న గొంతు పట్టుకోడు, చెవి పట్టుకుంటాడు" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అందులో నవ్వేందుకు ఏముంది?" అంది.

ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. తర్వాతి వారం టీ, బిస్కెట్ల దగ్గర తల్లిదండ్రుల ముందు అదే మాట ఎత్తాము. పది నిమిషాలనుకున్న చర్చ గంట దాటింది. అక్కడ విన్న అభిప్రాయాలూ, ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్న విషయాలూ కలిపి ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాము.

ముందు ఆ కార్టూన్ సంగతి. 'సింప్సన్స్' కుటుంబం 1987లో ఒక టీవీ కార్యక్రమంలో చిన్న చిన్న బొమ్మల కథలుగా మొదలై, 1989 డిసెంబరులో సొంత సీరియల్‌గా నిలదొక్కుకుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకి, వాళ్ళ ముందు తరానికి కూడా, ఆ పసుపుపచ్చ మొహాలు ఇంట్లో మనుషుల్లాంటివే. 2011 మార్చి 27న ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో రచయితలు ఈ గొంతు పట్టుకునే అలవాటునే కథగా తీసుకున్నారు. హోమర్‌ని తండ్రుల కోసం పెట్టిన ఒక తరగతికి పంపిస్తారు. కొడుకు గొంతు నొక్కడం తనకి మామూలు విషయమని అతను అక్కడ తేలిగ్గా చెప్పేస్తాడు. అది విని అక్కడి డాక్టరు నిర్ఘాంతపోతాడు. చిన్నవాడిగా, బలహీనుడిగా ఉండటం ఎలా ఉంటుందో హోమర్‌కి తెలియాలని, ఏడడుగుల బాస్కెట్‌బాల్ వీరుడు కరీం అబ్దుల్ జబ్బార్ చేత అతని గొంతే పట్టిస్తాడు. అప్పటికి గాని హోమర్‌కి కొడుకు బాధ తెలిసిరాదు.

కథ అక్కడ ఆగదు. నాన్న ఇక చెయ్యెత్తడని తెలిసిన బార్ట్ పూర్తిగా చెలరేగిపోతాడు. చివరికి నీతులు చెప్పిన ఆ డాక్టరే ఓపిక నశించి పిల్లవాడి గొంతు పట్టుకుంటాడు. ఇందులో వెటకారం ఉంది, ఒక నిజం కూడా ఉంది. కొట్టడం మానేస్తే సగం పనే అయినట్టు. ఆ ఖాళీలో ఏం పెట్టాలన్నది మిగతా సగం.

2023 అక్టోబరు 22న వచ్చిన మరో ఎపిసోడ్‌లో హోమర్ తానిప్పుడు ఆ పని చెయ్యడం లేదని, కాలం మారిందని ఒక్క ముక్కలో అంటాడు. ఆ ఒక్క ముక్కకే పత్రికల్లో పెద్ద చర్చ నడిచింది. ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందని కొందరు సంతోషించారు. బొమ్మల కథలో కూడా ఇంత జాగ్రత్త అవసరమా అని మరికొందరు విసుక్కున్నారు. చివరికి నిర్మాతలే కలగజేసుకుని, తామేమీ మార్చలేదని చెప్పవలసి వచ్చింది.

మా టీ బల్ల దగ్గర కూడా అభిప్రాయాలు మూడు రకాలుగా వచ్చాయి.

మొదటివారు "అది బొమ్మే కదండీ" అన్నారు. టామ్ అండ్ జెర్రీలో పిల్లి మీద బండరాయి పడితే మనం ఏడుస్తామా? మరుక్షణం లేచి పరుగెత్తుతుంది. బార్ట్ మెడ మీద ఏ మచ్చా మిగలదు. పిల్లలకి ఆ తేడా తెలుసు అని వీరి వాదన. నిజమే, చాలామంది పిల్లలకి తెలుసు. అయితే నవ్వని ఆ అమ్మాయికి కూడా తేడా తెలుసు. ఆ దృశ్యంలో తండ్రి కోపం ఆమెకి బొమ్మగా కనిపించలేదు, అంతే.

రెండోవారు "భయం లేకపోతే పిల్లలు చెడిపోతారు" అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు, దండం దశగుణం భవేత్ అన్నారు. ఇండియా నుంచి వచ్చిన ఒక తాతయ్యగారు తమ వీధిబడి రోజులు చెప్పారు. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, అన్నిటికీ మించి కోదండం. "ఇన్ని తిన్నాం, బాగుపడలేదా?" అన్నారు నవ్వుతూ. "బాగుపడినవాళ్ళనే మనం చూస్తున్నాం తాతయ్యగారూ, మీతో చదివినవాళ్ళలో బడి మానేసినవాళ్ళు లేరా?" అని ఒక అమ్మగారు మెల్లగా అడిగారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఉన్నాడు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. బెత్తానికి జడిసి ఒక రోజు చెరువు గట్టు మీద కూర్చుండిపోయాడు, మళ్ళీ బడికి రాలేదు" అన్నారు. ఆ తర్వాత చర్చ తీరే మారిపోయింది.

మూడోవారు ఎక్కువగా ఇక్కడ పెరిగినవారు. కొట్టడం తప్పు, అంతే అన్నారు. ఐతే వారిలో ఒక యువ తండ్రి నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నారు: "కొట్టను గాని అరుస్తాను. అరుపు కూడా దెబ్బలాగే తగులుతోందని మా అబ్బాయి మొహం చూస్తే తెలుస్తోంది."

వైద్యులు కూడా ఆయన మాటనే బలపరుస్తున్నారు. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2018లో ఒక ప్రకటన చేసింది. పిల్లల్ని కొట్టడమే కాదు, సిగ్గుపడేలా, అవమానపడేలా తిట్టడం కూడా హాని చేస్తుందని, రెండూ మానుకోవాలని చెప్పింది. 2016లో టెక్సస్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఐదు దశాబ్దాల పాటు సాగిన 75 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో లక్షా అరవై వేలమందికి పైగా పిల్లల వివరాలున్నాయి. పిరుదుల మీద కొట్టడం వల్ల పిల్లలు మాట వినడం పెరిగినట్టు వారికి కనిపించలేదు. మొండితనం, ఎదుటివారి మీద చెయ్యి చేసుకోవడం, మానసిక ఇబ్బందులు వంటివి ఎక్కువగా కనిపించాయి. కారణం ఊహించడం కష్టం కాదు. దెబ్బ పడ్డప్పుడు పిల్లవాడి బుద్ధి అంతా దెబ్బ మీదే ఉంటుంది, తప్పు మీద ఉండదు. మరోసారి ఆ పని చెయ్యకూడదని నేర్చుకోడు, దొరక్కూడదని నేర్చుకుంటాడు.

ఇక చట్టం సంగతి. దీని గురించి మనవాళ్ళలో అపోహలు చాలా ఉన్నాయి. ఇంట్లో తల్లిదండ్రులు వేసే చిన్నపాటి దెబ్బను అమెరికాలోని ఏ రాష్ట్రమూ దానికదే నేరంగా చూడదు. కాని అది 'సమంజసం' అయి ఉండాలి. ఆ హద్దును ఒక్కో రాష్ట్రం ఒక్కోలా గీస్తుంది. గాయం, కమిలిన మచ్చ, బెల్టు వాత వంటివి కనిపిస్తే వ్యవహారం వేరు. బడి టీచర్లు, డాక్టర్లు అనుమానం కలిగితే చాలు, పిల్లల సంరక్షణ శాఖకు చెప్పి తీరాలి. రుజువు చెయ్యడం వారి పని కాదు, చెప్పకపోవడం మాత్రం వారికి తప్పవుతుంది. కాబట్టి టీచరు ఫోను చేస్తే అది మన మీద పగ అనుకోనక్కరలేదు.

1997 జనవరిలో మొదలైన 'కింగ్ ఆఫ్ ద హిల్' అనే మరో కార్టూన్ తొలి ఎపిసోడ్ ఇలాంటి కథే. టెక్సస్‌లో ఉండే బాబీకి బేస్‌బాల్ తగిలి కన్ను నల్లబడుతుంది. తండ్రి హ్యాంక్ కోపిష్టి అని ఊరంతా గుసగుసలు పోతారు. సోషల్ వర్కర్ ఇంటికి వస్తాడు. తండ్రి చెయ్యెత్తలేదు, కాని ప్రేమను ఒక్కనాడూ నోరు తెరిచి చెప్పలేదు. ఈ ఇబ్బంది మన నాన్నలకి కొత్తదేమీ కాదు.

మనవారికి మరింత దగ్గరి ఉదాహరణ నార్వేలో జరిగింది. కొడుకును హింసించారన్న నేరంపై 2012 డిసెంబరులో ఓస్లో కోర్టు ఒక తెలుగు దంపతులకు జైలు శిక్ష వేసింది. తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. పిల్లల్ని ఇంట్లో కొట్టడాన్ని కూడా నార్వే 1987లోనే నిషేధించింది. ఆ కేసు మంచిచెడ్డలు తేల్చడం మా పని కాదు. ఏ దేశంలో ఉన్నామో ఆ దేశపు చట్టం తెలుసుకుని మసలుకోవాలన్నదే మేము చెప్పదలచుకున్నది. ఇండియాలో మాత్రం ఏమిటి? 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ తాతయ్యగారి కోదండం ఇప్పుడు అక్కడా చట్టవిరుద్ధమే. నిజానికి గుజరాతులో గిజుభాయి వంటి ఉపాధ్యాయులు 1930ల నాటికే బెత్తం లేని బడి నడిపి చూపించారు.

తెలుగు బడివాళ్ళం కాబట్టి భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలుగులో మనం గంట కొడతాం, చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, కబుర్లు కొడతాం. "అల్లరి చేస్తే కొడతా" అన్నది చాలా ఇళ్ళలో ఉత్త మాటే. "వీపు విమానం మోత మోగుతుంది", "తాట తీస్తా", "చంపేస్తా" అన్నవీ అంతే. మనకి అవి సామెతల్లాంటివి. కాని కిండర్‌గార్టెన్ పిల్లవాడు వాటిని బడిలో మాటకి మాట ఇంగ్లీషులోకి మార్చి చెబితే, వినే టీచరుకు ఆ నవ్వు వినపడదు, అర్థం ఒక్కటే వినపడుతుంది. ఆమె ఊరుకోకూడదు కూడా. ఇది విని "ఐతే ఇంటి మాటలు బయట చెప్పొద్దని పిల్లలకి నేర్పుదాం" అన్నారొకరు. మేము వెంటనే వద్దన్నాము. రహస్యాలు దాచడం నేర్పితే నిజంగా ఆపద వచ్చిననాడు పిల్లలు ఎవరికీ చెప్పలేరు. మార్చవలసింది పిల్లల నోరు కాదు, మన మాట.

అందుకు మన భాషలో మాటలకి కరువా? మందలించడం, నచ్చజెప్పడం, బుజ్జగించడం, హితవు చెప్పడం, గద్దించడం, ఒక్కోదానికి ఒక్కో మోతాదు ఉంది. అసలు 'శిక్ష' అన్న సంస్కృత పదానికి మొదటి అర్థం నేర్పడమే. హిందీలో ఇప్పటికీ శిక్ష అంటే చదువు. మనం మాత్రం తెలుగులో దాన్ని దండనగా మార్చుకున్నాం. ఐనా 'క్రమశిక్షణ'లో ఆ పాత అర్థం ఇంకా మిగిలే ఉంది.

ఆ గంట చర్చలో తల్లిదండ్రులు తాము పాటించి చూసినవి కొన్ని చెప్పారు. శిక్ష తప్పుకు సంబంధించినదై ఉండాలి: గోడ మీద రంగులు పూస్తే తుడవడం, వీడియో గేమ్ సమయం మించితే మర్నాడు ఆ సమయం తగ్గించడం. చిన్నపిల్లల్ని కాసేపు ఒకచోట నిశ్శబ్దంగా కూర్చోబెట్టవచ్చు, ఏడాది వయసుకి ఒక్క నిమిషం చాలు. మనకే కోపం ముంచుకొస్తే మనమే వేరే గదిలోకి వెళ్ళాలి. అమ్మ వద్దన్నదాన్ని నాన్న గాని, అమ్మమ్మ గాని సరేననకూడదు. మంచి పని చేసినప్పుడు వెంటనే మెచ్చుకోవాలి. మనం తప్పు చేస్తే పిల్లలకి క్షమాపణ చెప్పాలి. ఇది అన్నిటికంటే కష్టమని అందరూ ఒప్పుకున్నారు.

పిల్లలూ, మీకూ ఒక మాట. 911 అమ్మానాన్నలను బెదిరించేందుకు వాడే నంబరు కాదు. ఐప్యాడ్ తీసుకున్నారని ఆ మాట అంటే వాళ్ళ మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి. కాని ఎవరైనా, ఇంట్లోవారైనా బయటివారైనా, మిమ్మల్ని నిజంగా గాయపరిస్తే, ఇంటికి వెళ్ళాలంటే భయం వేస్తే, తప్పకుండా చెప్పండి. మీ బడి టీచరుకు చెప్పండి, కౌన్సెలర్‌కి చెప్పండి, మాకు చెప్పండి. అది చాడీ కాదు.

చర్చ ముగిసి అందరూ కార్ల దగ్గరికి వెళ్తుండగా, చెవి పట్టుకుంటాడని పేరు పడ్డ ఆ నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. "వాడు నవ్వుతూనే చెప్పాడా?" అని అడిగారు. అవునన్నాము. "నేనూ మా నాన్న దెబ్బల గురించి నవ్వుతూనే చెబుతాను" అన్నారాయన. వెళ్ళి కొడుకు భుజం మీద చెయ్యి వేశారు.

ఈసారి పిల్లలతో కలిసి టీవీ చూస్తున్నప్పుడు అలాంటి దృశ్యం వస్తే నవ్వండి, తప్పు లేదు. నవ్వాక మీ పిల్లల్ని ఒక్క మాట అడగండి: "నాకు కోపం వచ్చినప్పుడు నీకు ఎలా అనిపిస్తుంది?" జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లీషులో చెప్పినా సరే.